పడవే ముందు పలకాలి

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆవిడ ఈ ఉదయం తమ్ముడి ఇంటికి వెళ్లింది. తీసుకువెళ్లినవి: చేతిసంచి, డ్యూటీ బూట్లు, గొడుగు. వదిలి వెళ్లినవి: దువ్వెన, కళ్లద్దాల పెట్టె, సగం చదివిన పుస్తకం. దువ్వెన వదిలి వెళ్లిన మనిషి ఎక్కువ రోజులు ఉండదు. కనుక ఆందోళన పడవలసినది ఏమీ లేదు.

వంటగది కుళాయి కారుతోంది. వాషరు మార్చాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

శనివారం సాయంత్రం జరిగినది జరిగినట్లు రాసి పెట్టుకోవడం మంచిది. ఆలస్యం చేస్తే జ్ఞాపకం తనకు అనుకూలంగా దిద్దుకుంటుంది.

టీవీలో ‘దీపనౌక’ ధారావాహిక పాత భాగం వస్తోంది. మూడో కెప్టెన్ కాలం నాటిది. మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చింది. భుజాన సంచి దించకుండానే నా కుర్చీ పక్కన నిలబడి, “మీకో సంగతి చెప్పాలి” అంది.

నేను అరచెయ్యి ఎత్తాను.

అది కాటాలు సరిచూసే నా వృత్తి వల్ల వచ్చిన అలవాటు. కాటా మీద తూకపు రాయి పెట్టాక అంకె నిలిచేదాకా ఎవరూ మాట్లాడకూడదు, బల్ల మీద చెయ్యి ఆన్చకూడదు. నేను చెయ్యి ఎత్తితే దుకాణదారులు ఊపిరి కూడా బిగబడతారు. కాటా మీద అంకె నిలవడానికి కొన్ని క్షణాలు చాలు. ఆ భాగం మాత్రం ఇంకా సగం మిగిలి ఉంది. అది వాస్తవం.

ఆమె కొంచెంసేపు అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లింది. అయిపోయాక నేనే వెళ్లి, “ఏమిటో చెప్పాలన్నావు” అని అడిగాను.

“ఏం లేదు. కాటా తేలిందా?” అంది.

మర్నాడు ఉదయం గుమ్మం దగ్గర బూట్ల సంచి పట్టుకుని, “వెళ్తున్నా” అంది. “సరే” అన్నాను. ఎప్పుడు వస్తావని అడగలేదు. ‘దీపనౌక’లో నేర్చుకున్న పాఠం 9: బయలుదేరే మనిషిని తిరిగివచ్చే వేళ అడగకు.

ఫిబ్రవరి 13, గురువారం

కుళాయి వాషరు కొన్నాను. పరిమాణం సరిపోలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

బావమరిది వచ్చాడు. మా ఆవిడకు తమ్ముడు. కారు నడపడం నేర్పే బడి నడుపుతాడు. లోకంలోని సమస్త విషయాలనూ క్లచ్చుతోనో బ్రేకుతోనో పోల్చనిదే అతనికి తోచదు.

“బావా, అక్క కళ్లద్దాల పెట్టె తెమ్మంది. ఆ పుస్తకం కూడా.”

“దువ్వెనో?”

“దువ్వెన కొత్తది కొనుక్కుంది.”

ఇది నేను ఊహించలేదు. పెట్టె, పుస్తకం కాగితంలో చుట్టి ఇచ్చాను. అతను వెళ్లకుండా కుర్చీలో చతికిలపడి టీవీ వంక చూశాడు. నౌక అప్పుడే తెర మీదికి వచ్చింది.

“ఇంకా ఈ డబ్బా ఓడేనా? నేను నిక్కర్లు వేసుకునే రోజుల్నుంచీ చూస్తున్నాను. చుక్కల మధ్య తిరగడం, ఆరిపోయిన దీపం దగ్గర ఆగడం, ఓ చిన్న పడవలో ఎవడో ఒకడు వెళ్లి బాగుచేసి రావడం. వారం వారం ఇంతేగా?”

“ఇంతే.”

“ఇందులో నీకు కనపడేదేంటి?”

ఆ దీపాల ఆధారంతో ఎన్నో ఓడలు దారి తెలుసుకుంటాయనీ, దీపం వెలిగించినవాళ్లు ఆ ఓడలను ఎన్నడూ చూడరనీ చెప్పాను. చదువు మధ్యలో ఆగిన ఏడాది ఆ నౌక ఇంజను గదిలోని ముసలాయన, “తెరిచి చూడు. భయం మూత మీదే ఉంటుంది, లోపల ఉండదు” అనకపోతే నేను మొదటి కాటా మూత తీసి ఉండేవాణ్ణి కాననీ చెప్పాను. అది పాఠం 1.

అతను తల ఆడించాడు. “బాగుంది. మరి ఆ ముసలాయన పెళ్లాం పుట్టింటికి పోతే ఏం చేశాడు?”

“అతనికి పెళ్లి కాలేదు.”

“అనుకున్నా” అని లేచాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

నేను ఫోను చేయకపోవడానికి కారణం బెట్టు కాదు. ఇది స్పష్టంగా రాసుకోవాలి.

పడవ రాళ్ల గుంపులోకి వెళ్లినప్పుడు నౌక నుంచి దాన్ని పిలవకూడదు. నౌక గొంతు శక్తిమంతమైనది. పిలిస్తే పడవ దిక్సూచి చెడిపోతుంది, లోపలి మనిషి దారి తప్పుతాడు. అందువల్ల నౌక దీపాలు వెలిగించుకుని నిశ్శబ్దంగా వేచి ఉంటుంది. పడవే ముందు పలకాలి. పాఠం 24.

పెళ్లయిన కొత్తలో ఏదో మాటా మాటా పెరిగి మా ఆవిడ ఇంట్లోంచి బయటికి వెళ్లిపోయింది. నేను గదిలోనే కూర్చున్నాను. వీధి చివర ఫోను డబ్బా నుంచి ఫోను చేసింది.

“పడవ పలుకుతోంది. నౌక వింటోందా?”

“వింటోంది” అన్నాను.

“అయితే స్టవ్ మీద పాలు చూడండి, పొంగిపోతాయి.”

అప్పటి నుంచీ అదే మా ఇంటి పద్ధతి. గొడవ పడి బయటికి వెళ్లినవాళ్లు తమంతట తాము ఫోను చేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లు వెంటపడరు. నేను వెళ్లిన సందర్భాలు ఉన్నాయి, ఆమె వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. పద్ధతి ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడు వెళ్లినది ఆమె. ఇంట్లో ఉన్నది నేను. ఫోను ఆమె చేయాలి. ఇంతకన్నా సరళమైన విషయం ఉండదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఫోను పనిచేస్తోందో లేదో పరీక్షించాను. పనిచేస్తోంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

‘దీపనౌక’ వల్ల నేను నేర్చుకుని ఆచరణలో పెట్టినవి, తోచిన క్రమంలో:

యంత్రం మొరాయిస్తే ముందు నీ చేతులు చూసుకో.

తెలియదు అని చెప్పడానికి సిగ్గుపడకు. తెలుసని చెప్పి తర్వాత సిగ్గుపడకు.

భోజనం దగ్గర పదవులు ఉండవు. (నౌకలో కెప్టెన్ కూడా తన గిన్నె తానే కడుగుతుంది. నేనూ కడుగుతాను. ఇప్పుడు ఎటూ ఒక్క గిన్నే.)

పని ముగిశాక పనిముట్లను లెక్కచూసుకో. దీపంలో మరిచిపోయిన స్క్రూడ్రైవరు దీపాన్ని ఆర్పుతుంది.

ఎవరూ చూడని చోట కూడా సరిగ్గా బిగించు.

ఈ జాబితా చూస్తే నేను చెడ్డ మనిషిని కాదని తోస్తోంది. ఇది ఆత్మస్తుతి కాదు, పరిశీలన.

ఫిబ్రవరి 27, గురువారం

ప్రసూతి వార్డులో పసిపిల్లల కాటాను తనిఖీ చేసే గడువు వచ్చింది. మా ఆవిడ పనిచేసే వార్డు అదే. మధ్యాహ్నం డ్యూటీలో ఆమె ఉండదు కనుక మధ్యాహ్నం వెళ్లాను. నా ఇతర పనులు కూడా ఆ వైపే ఉన్నాయి. కారణం అదే.

కాటా బల్లను సమం చేశాను. తొడుగులు వేసుకుని, పళ్లెం మధ్యలోనూ నాలుగు మూలలా రాయి పెట్టి చూశాను. అంతటా ఒకే అంకె వచ్చింది. రాయి తీయగానే సున్నాకు వచ్చింది. పరీక్షించిన తేదీ చీటీ అంటిస్తుండగా ఆయా వచ్చింది. ఆ వార్డులో నన్ను ఎప్పటి నుంచో ఎరిగిన మనిషి.

“ఏంటి సార్, కుర్చీ అడక్కుండా నిలబడే పనిచేసుకుంటున్నారు? ఇక మీకు మేం దిండేసి మరీ కూర్చోబెట్టాలి గదా.”

“ఎందుకు?”

“హెడ్ నర్సు గారి భర్తంటే మాటలా? పార్టీ మాత్రం ఎగ్గొట్టారు. కేకు ఆవిడే కోసింది, మీరు కనపళ్లేదు. పని పడిందన్నారు.”

“పని పడింది” అన్నాను.

“అయినా మీకు ముందే తెలుసుగా. ఆ కాగితం చేతికి రాగానే మాకెవరికీ చెప్పకుండా సంచిలో పెట్టేసుకుంది. ‘ముందు ఇంట్లో చెప్పి వస్తా, మీకు తర్వాత’ అంది. మాకు సోమవారం దాకా తెలీదు, ఎంత గట్టి మనిషో చూడండి. ఏమన్నారు మీరు వినగానే?”

సంతోషించానని చెప్పాను.

“అదొక్కటేనా? సర్లెండి, మగాళ్లింతే” అని పక్కబట్టలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

బయటికి వచ్చేటప్పుడు నోటీసు బోర్డు చూశాను. ఉత్తర్వు ప్రతి అక్కడ ఉంది. ఫిబ్రవరి 8. శనివారం.

ఫిబ్రవరి 28, శుక్రవారం

చెప్పాలన్న సంగతి అది.

మార్చి 2, ఆదివారం

అభినందనలు తెలపడానికి ఫోను చేయవచ్చునా అన్నది ప్రశ్న.

చేయవచ్చును అనడానికి: అది సాధారణ మర్యాద.

చేయరాదు అనడానికి: నాకు ఆ సంగతి ఆమె చెప్పలేదు. చెప్పని సంగతి మీద అభినందించడం, ఆమె వార్డులో ఆమె లేని వేళ చూసి విచారించినట్లు అవుతుంది. నిజానికి నేను విచారించలేదు. అదీగాక, రాళ్ల మధ్య ఉన్న పడవను పిలవరాదన్నది మంచి వార్తలకైనా వర్తిస్తుంది. మినహాయింపులు మొదలైతే నియమం ఉండదు.

చేయలేదు.

మార్చి 5, బుధవారం

పార్సిల్ కార్యాలయంలో కాటా సున్నాకు రావడం లేదని కబురు వస్తే వెళ్లాను. పళ్లెం ఖాళీగా ఉన్నా కొంత బరువు చూపిస్తోంది. గుమాస్తాను అడిగితే, గోడ రంగులు వేసినంతకాలం ఇనప పెట్టె ఒకటి దాని మీదే పెట్టి ఉంచామన్నాడు.

“పెట్టె తీసేశాం కదండీ, ఇంకా ఎందుకు చూపిస్తోంది?”

“లోపలి పట్టీ వంగిపోయింది. బరువు తీసినా అలవాటు పోదు.”

“మరి బాగవుతుందా?”

“కొన్ని వాటంతట అవే వస్తాయి. కొన్నిటికి పట్టీ మార్చాలి. రెండు రోజులు ఖాళీగా ఉంచి చూడండి.”

“ఖాళీగా ఉంచితే పార్సిళ్లు నా నెత్తిన తూచుకోవాలా?” అన్నాడు. సహేతుకమైన ప్రశ్నే.

మార్చి 9, ఆదివారం

బావమరిది మళ్లీ వచ్చాడు. ఈసారి తీసుకువెళ్లవలసినవి ఏమీ లేవు. కుళాయి కింద పెట్టిన గిన్నె నిండితే పారబోసి వచ్చి కూర్చున్నాడు.

“బావా, ఓ మాట అడుగుతా, ఏమనుకోకు. అక్కకి ప్రమోషనొచ్చిన సంగతి తెలుసా?”

“తెలుసు.”

“మరి ఇంకో సంగతి తెలుసా? ఆసుపత్రి వెనక క్వార్టర్స్ ఇస్తారట. ఒంటరి మనుషులకి ఒక గదిది, కుటుంబానికైతే రెండు గదులది. ఏది కావాలో ఈ నెలాఖర్లోగా రాసివ్వమన్నారు. కాగితం మా ఇంట్లో ఫ్రిజ్ మీద పడుంది. రోజూ తుడుస్తుంది, మళ్లీ అక్కడే పెడుతుంది.”

“ఏది రాస్తానంది?”

“నన్నడుగుతావేం? ఆవిణ్ణడుగు. నేనడిగితే ఏమందో తెలుసా? ‘మీ బావ బయటికెళ్లి ఎన్నేళ్లయిందో నీకేం తెలుసు. ఇంకా ఫోను చెయ్యలేదు. చెయ్యనీ, చూస్తాను’ అంది. నాకేం అర్థం కాలేదు. నువ్విక్కడే ఉన్నావు గదా?”

“ఇక్కడే ఉన్నాను.”

“మరి?”

“పొరబడి ఉంటుంది. కొత్త బాధ్యతలు. అలసట.”

“బావా, నా దగ్గరికి కారు నేర్చుకోడానికి వచ్చేవాళ్లలో రెండు రకాలు. ఒకళ్లు గుద్దేస్తారు. వాళ్లకి నేర్పొచ్చు. ఇంకో రకం బ్రేకు మీద కాలు తియ్యరు. ఇంజను ఆన్‌లోనే ఉంటుంది, అద్దాలు తుడిచే ఉంటాయి, సీటు బెల్టు పెట్టుకునే ఉంటారు. బండి మాత్రం కదల్దు. పైగా, ‘నేనేం తప్పు చేశానండీ’ అంటారు.”

“వాళ్లకు ఏం చెబుతావు?”

“చెప్పడానికేముంది. దిగి టీ తాగొస్తా.”

మార్చి 10, సోమవారం

బయట ఉన్నది ఎవరన్నది వాదించవలసిన విషయం కాదు. ఇంటి తాళాలు నా దగ్గర ఉన్నాయి. ఇంటి కుర్చీలో నేను ఉన్నాను. ప్రతి సాయంత్రం ఉన్నాను. పెళ్లయినప్పటి నుంచీ ప్రతి సాయంత్రం ఆ కుర్చీలోనే ఉన్నాను.

మార్చి 11, మంగళవారం

నిన్నటి చివరి వాక్యం మళ్లీ చదివాను.

మార్చి 17, సోమవారం

ఈ వారం కార్యక్రమాల పట్టిక వచ్చింది. శనివారం సాయంత్రం వేసే భాగం పేరు ‘మౌనం’. ఆదివారం ఉదయం మళ్లీ వేస్తారు.

‘దీపనౌక’ మొదలైనప్పటి నుంచీ నేను చూడని భాగం అదొక్కటే. అది మొదటిసారి వచ్చిన రోజు ఊరి బయట ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే పెద్ద కాటా దగ్గర చిక్కుకుపోయాను. పాత భాగాలన్నీ వరసగా వేయడం ఇదే మొదటిసారి కనుక మళ్లీ చూసే అవకాశం రాలేదు. ఆ రోజు మా ఆవిడ ఒక్కతే చూసింది. నేను ఇంటికి రాగానే, “మీ కెప్టెన్ ఇవాళ పడవని పిలిచింది” అంది.

“పిలవదు” అన్నాను.

“పిలిచింది. నేను చూశానండీ.”

“నువ్వు కునుకు తీసి ఉంటావు. ఆమె ఆ పని చేయదు.”

అప్పట్లో నవ్వింది. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో అది హాస్యంగా చెలామణీ అయింది: మా ఆవిడ కలలో వచ్చిన భాగం. నలుగురిలోనూ చెప్పేవాణ్ణి. ఆమె ఎప్పుడు నవ్వడం మానిందో నేను గమనించలేదు.

ఈ శనివారం చూడాలి. చూసి ఆ విషయం తేల్చుకోవచ్చు.

మార్చి 22, శనివారం

సాయంత్రం పార్సిల్ కార్యాలయానికి వెళ్లవలసి వచ్చింది. పట్టీ మార్చాను. పని సోమవారం చేసినా నష్టం లేదని గుమాస్తా అన్నాడు గానీ, పనిని వాయిదా వేయడం నా పద్ధతి కాదు.

మార్చి 23, ఆదివారం

ఉదయం బావమరిది తలుపు తట్టాడు. లోపలికి వస్తూనే టీవీ పెట్టాడు.

“నిన్న చూశావా?”

“పని పడింది.”

“అక్క సరిగ్గా అదే మాటంది. నిన్న మా ఇంట్లో అందర్నీ నోళ్లు మూయించి మరీ చూసింది. అయిపోయాక, ‘మీ బావకి ఇవాళ పని పడుంటుంది’ అని నవ్వింది. నవ్వంటే నవ్వు కాదనుకో. ఇప్పుడు మళ్లీ వేస్తున్నారు. కూర్చో. నువ్వు చూసేదాకా నేను కదల్ను. పదింటికి ఓ స్టూడెంటుంది, మానేస్తా.”

కూర్చున్నాను.

కథ ఇది. ఇంజను గది ముసలాయన దీపం బాగుచేయడానికి ఒంటరిగా పడవలో వెళతాడు. రావలసిన వేళ దాటిపోతుంది. పడవ పలకదు. నియమం ప్రకారం నౌక వేచి ఉంటుంది. అందరూ ముఖాలు వేలాడేసుకుని తమ తమ పనులు ఎంతో సక్రమంగా చేస్తూ ఉంటారు. కెప్టెన్ తన గిన్నె కడుక్కుంటుంది. కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతుంది. తర్వాత వచ్చి పిలిచే మీట మీద వేలు పెడుతుంది.

ఉపకెప్టెన్ నియమం చదివి వినిపిస్తాడు. పిలిస్తే దిక్సూచి చెడిపోతుందని గుర్తుచేస్తాడు.

“ఆ నియమం రాసింది నేనే” అని కెప్టెన్ మీట నొక్కుతుంది.

నొక్కిన తర్వాత ఆమెకు ఏం చెప్పాలో తెలియదు. అది నేను ఊహించలేదు. ఆమెకు ఎప్పుడూ తెలుస్తుంది. నౌక పరిస్థితి చెప్పడం మొదలుపెడుతుంది. గాలి సరిపడా ఉంది. నీళ్లు ఉన్నాయి. సూప్ ఇవాళ కూడా మాడింది. మూడో అంతస్తులో ఒక దీపం మిణుకుతోంది, నువ్వు వచ్చి చూడాలి. ఇలా చాలాసేపు.

అప్పుడు ముసలాయన గొంతు వస్తుంది. “నా దిక్సూచి వెళ్లిన కాసేపటికే పోయింది. ఎటు రావాలో తెలియక ఇక్కడే ఉన్నాను. పిలిస్తే నాకోసం మీరు రాళ్లలోకి వస్తారేమోనని నేనూ పలకలేదు. మాట్లాడుతూ ఉండండి. గొంతు ఎటు వినిపిస్తే అటు వస్తాను.”

బావమరిది నా వైపు తిరగలేదు. టీవీ వంకే చూస్తూ, “సూప్ మాడడం బాగుంది” అన్నాడు. లేచి, “పదింటి స్టూడెంటు వచ్చేస్తాడు” అని వెళ్లిపోయాడు.

ఆమె కునుకు తీయలేదు.

ఫోను తీసుకున్నాను. నౌక పిలుస్తోంది అని చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇప్పుడు దానికి పూర్వోదాహరణ ఉంది కనుక అది నియమభంగం కూడా కాదు. నంబరు నొక్కాను. ఆమె తీసింది.

“పడవ పలుకుతోంది” అన్నాను.

చెప్పాలనుకున్నది అది కాదు. నోట వచ్చినది అది.

వెనక ఎవరో పళ్లేలు సర్దుతున్న చప్పుడు. అది ఆగింది.

“వింటోంది” అంది.

తర్వాత ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. కుళాయి కారుతోందని చెప్పాను. రెండు వాషర్లు కొన్నాననీ, రెండూ సరిపోలేదనీ చెప్పాను. నీ దువ్వెన అద్దం దగ్గరే ఉందని చెప్పాను. గుడ్లు ఎక్కువసేపు ఉడుకుతున్నాయనీ, బాల్కనీలో మొక్క ఒకటి వాడిపోయిందనీ, ఇంకొకటి బాగానే ఉందనీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. చెప్పదగినవన్నీ అయిపోయాయి. నా దగ్గర ఎప్పుడూ ఇంకొకటి ఉంటుంది. ఈసారి లేదు.

“‘మౌనం’ చూశాను” అన్నాను.

“ఎప్పుడు?”

“ఇప్పుడే.”

“కలొచ్చిందేమో.”

నేను దానికి అర్హుణ్ణే. “ఆ శనివారం చెప్పాలన్న సంగతి చెప్పు” అన్నాను.

“ఆయా చెప్పిందటగా.”

“ఆయా చెప్పింది. నువ్వు చెప్పలేదు.”

“ఫోనులో చెప్పను” అంది. “మా వార్డులో పసిపిల్లల కాటా సున్నాకి రావట్లేదు. గురువారం రండి. పొద్దున. నేనున్నప్పుడు.”

ఆ కాటాను నేనే పోయిన నెల సరిచూశానని చెప్పబోయాను. “వస్తాను” అన్నాను.

మార్చి 27, గురువారం

ఉదయం వార్డుకు వెళ్లాను. మా ఆవిడ చొక్కాకు హెడ్ నర్సు బిళ్ల కొత్తది పెట్టుకుంది. నన్ను చూసి, చేతిలోని మందుల ట్రే దించకుండానే, “మన బీరువా వెడల్పెంత?” అంది.

“ఎందుకు?”

“క్వార్టర్స్ గుమ్మం ఇరుకు.”

ఒక గదిదో రెండు గదులదో అడగలేదు. ‘మన’ అన్నది. కొలిచి చెబుతానన్నాను.

కాటా సరిచూశాను. బల్ల సమంగా ఉంది. నడిమినా నాలుగు మూలలా ఒకే అంకె. రాయి తీయగానే సున్నాకు వచ్చింది. అందులో లోపమేమీ లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. కొంచెం బాగుచేయవలసి వచ్చిందని చెప్పాను.

“అనుకున్నా” అంది.

“ఇప్పుడు చెప్పు.”

ఆమె ట్రే దించి, బల్ల అంచుకు ఆనుకుని నిలబడింది. “ఆ రోజు మధ్యాహ్నం అసలు నాకు డ్యూటీ లేదు. పిలిపిస్తే వెళ్లాను. ఏదో తప్పు జరిగిందనుకున్నా. మెట్లెక్కుతూ ఏం జరిగుంటుందా అని వారం రోజులవన్నీ గుర్తు చేసుకుంటున్నా...”

అంతలో ఆయా అప్పుడే పుట్టిన పాపను గుడ్డలో చుట్టి తీసుకువచ్చి పళ్లెంలో పడుకోబెట్టింది. పాప కాళ్లు తన్నుకుంటోంది. అంకె పైకీ కిందికీ ఊగుతోంది. మా ఆవిడ బల్లకు ఆనుకునే ఉంది, చెబుతూనే ఉంది. సూపరింటెండెంటు కుర్చీ చూపిస్తే కూర్చోలేదట. కాగితం చేతికిస్తే తిరగేసి వెనక వైపు ముందు చదివిందట.

నా కుడి చెయ్యి అలవాటుగా లేచింది. అరచెయ్యి సగం దాకా తెరుచుకుంది. ఆమె చూసింది. మాట ఆపలేదు, కానీ నెమ్మదించింది.

ఆ చెయ్యిని జేబులో పెట్టుకున్నాను.

“తర్వాత?” అన్నాను.

తర్వాత ఆమె ఆ కాగితాన్ని సంచిలో పెట్టుకుని బస్సులో నిలబడే ఇంటికి వచ్చిందట. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదట. మన వీధి మలుపు తిరిగాక పరుగెత్తిందట. ఆమె పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

కాటా మీద అంకె నిలిచిందో లేదో నాకు తెలియదు. ఆయా చూసి రాసుకుంది.